పులిహోర ముద్ద కుక్కకు పెట్టొచ్చా? పండగ వంటింట్లో ఎవరూ చెప్పని లెక్క

నేపాల్‌లో దీపావళి ఐదు రోజుల పండగ. తిహార్ అంటారు. మొదటి రోజు కాకులది, రెండో రోజు కుక్కలది. మనకు నరక చతుర్దశి వచ్చే సమయంలోనే అక్కడ ‘కుకుర్ తిహార్’ జరుగుతుంది. ఆ రోజు ఇంటి కుక్క, వీధి కుక్క అన్న తేడా లేకుండా నుదుట బొట్టు పెడతారు, మెడలో బంతిపూల దండ వేస్తారు, ముందు పళ్లెం నింపుతారు. మాంసం, గుడ్లు, పాలు, బియ్యప్పిండితో చేసే సెల్ రోటీ అందులో ఉంటాయి. కుక్కను యముడి దూతగా భావించి కొలిచే ఆచారమిది. ఏటా ఆ ఫొటోలు మన ఫోన్లలోకీ వస్తాయి.

భారతదేశంలో చాలాచోట్ల అలాంటి ప్రత్యేక దినం లేకపోయినా, నగరాల్లో కుక్కకు పండగ చేసే అలవాటు పెరిగింది. వినాయక చవితికి కుక్కల మోదకాలు, దీపావళికి కుక్కల లడ్డూలు, క్రిస్మస్‌కి ఎముక ఆకారంలో బిస్కెట్లు. కొన్నవాటి కంటే ఇంట్లో చేసినవే మేలన్న నమ్మకంతో చాలామంది స్వయంగా వండుతున్నారు. వీడియో చూసి పిండి కలిపి, అచ్చులతో కోసి, ఓవెన్‌లో పెడుతున్నారు. అంత ఓపిక లేనివాళ్లు తమ పళ్లెంలోంచే ఓ ముద్ద తీసి పెడుతున్నారు.

ఇదంతా ముచ్చటైన విషయమే. పిల్లలకు వండినట్టే కుక్కకూ వండటంలో తప్పు పట్టాల్సిందేమీ లేదు. అయితే ‘ఇంట్లో చేసింది కదా, మంచిదే’ అన్న మాట మనుషుల అనుభవం నుంచి పుట్టింది. కుక్క శరీరానికి అది అన్నిసార్లూ వర్తించదు. పైగా మన పండగ వంటల్లో తరచూ పడే నాలుగైదు దినుసులు కుక్కలకు హాని చేసేవే. ఆ సంగతి తెలుగులో తేలిగ్గా, నమ్మకంగా చెప్పే ఏర్పాటు మాత్రం కనిపించదు. కుటుంబం ప్రేమతో చేసే పనికీ పశువైద్యుడి దగ్గర ఉన్న సమాచారానికీ మధ్య ఉన్న ఈ ఖాళీయే అసలు సమస్య.

ఎంగిలి ముద్ద నుంచి బిస్కెట్ దాకా, మళ్లీ వంటింటికి

కుక్కకు ప్రత్యేకంగా తిండి కొనడమన్నది మానవ చరిత్రలో నిన్నమొన్నటి ముచ్చట. 1860ల్లో జేమ్స్ స్ప్రాట్ అనే అమెరికన్ వ్యాపారి లండన్‌లో కుక్కల బిస్కెట్లు అమ్మడం మొదలుపెట్టాడు. ఓడరేవులో నావికులు పారేసిన గట్టి బిస్కెట్లను కుక్కలు తినడం చూసి అతనికి ఆ ఆలోచన వచ్చిందని చెబుతారు. అంతకుముందు కుక్కలు తిన్నది మనిషి తిన్నదే. 20వ శతాబ్దంలో పెట్ ఫుడ్ కంపెనీలు బలపడ్డాక, ఇంటి తిండి కుక్కకు చాలదని, ప్యాకెట్ తిండే శాస్త్రీయమని ప్రచారం చేశాయి. అందులో కొంత నిజం ఉంది, కొంత వ్యాపారం ఉంది.

భారత మార్కెట్లోనూ అదే కథ. పెడిగ్రీ వంటి బ్రాండ్లున్న మార్స్ సంస్థకు పెట్ ఫుడ్ కర్మాగారం తెలంగాణలోనే ఉంది. జిల్లా కేంద్రాల్లోని మెడికల్ షాపుల్లో సైతం ఇప్పుడు కుక్కల తిండి ప్యాకెట్లు దొరుకుతున్నాయి. రిటైల్ ప్యాకెట్‌గా అమ్మే కుక్కల ఆహారంపై జీఎస్టీ 18 శాతం. మధ్యతరగతి ఇంటికి ఇది చిన్న ఖర్చేమీ కాదు. ఇంట్లో వండిపెట్టడం వైపు మొగ్గడానికి ధర ఒక కారణం.

రెండో కారణం అపనమ్మకం. 2007 మార్చిలో అమెరికాలో పెట్ ఫుడ్ తిన్న కుక్కలు, పిల్లులు కిడ్నీలు దెబ్బతిని చనిపోవడం మొదలైంది. చైనా నుంచి వచ్చిన గోధుమ గ్లూటెన్‌లో మెలమైన్ అనే రసాయనం కలిసినట్టు తేలింది. ప్రొటీన్ ఎక్కువ ఉన్నట్టు పరీక్షల్లో కనిపించడానికి చేసిన కల్తీ అది. మొదటి విడతలోనే ఒక కంపెనీ సుమారు 6 కోట్ల డబ్బాలు, పౌచ్‌లు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. అదే ఏడాది నుంచి జెర్కీ అనే ఎండు మాంసం ముక్కలపైనా ఫిర్యాదులు మొదలయ్యాయి. ఇవి పూర్తి ఆహారం కావు, సరదాగా పెట్టే చిరుతిళ్లే. 2015 చివరి నాటికి అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏకి వీటిపై సుమారు 5,200 ఫిర్యాదులు అందాయి. 1,140కి పైగా కుక్కలు చనిపోయినట్టు ఆ ఫిర్యాదుల్లో ఉంది. ఏళ్ల తరబడి పరీక్షించినా కారణం ఇదీ అని ఎఫ్‌డీఏ తేల్చలేకపోయింది.

ఇలాంటి వార్తలు చదివిన వాళ్లు వంటింటి వైపు తిరగడంలో వింత లేదు. కానీ ఫ్యాక్టరీ నుంచి వంటింటికి మారినప్పుడు భద్రత బాధ్యత కూడా చేతులు మారుతుంది. ఫ్యాక్టరీలో తప్పు జరిగితే వెనక్కి తీసుకోవడానికి బ్యాచ్ నంబరైనా ఉంటుంది. వంటింట్లో ఉండేది వండేవాళ్ల తెలివిడి ఒక్కటే.

‘ఎప్పటినుంచో పెడుతున్నాం, ఏమీ కాలేదు’

ఇంటి తిండి గురించి హెచ్చరించగానే ఎదురయ్యే మాట ఇది. తాతల కాలం నుంచి కుక్కలు పెరుగన్నం తినే బతికాయి కదా అంటారు. ఈ వాదనను కొట్టిపారేయడానికి లేదు. 2013లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన ఒక జన్యు అధ్యయనం, తోడేళ్లతో పోలిస్తే కుక్కల్లో పిండిపదార్థాన్ని అరిగించే జన్యువు ప్రతులు చాలా ఎక్కువని చూపింది. మనిషి పంచన చేరి, మనిషి పండించిన ధాన్యం తింటూ కుక్క మారింది. అన్నం, రొట్టె, సంగటి దాని ఒంటికి పడతాయి.

కానీ అన్నం అరిగే శరీరానికి అన్నంలో కలిపినవన్నీ అరగాలనేం లేదు. చాక్లెట్‌లోని థియోబ్రోమిన్‌ను మనిషి కాలేయం కొన్ని గంటల్లో వదిలించుకుంటుంది. కుక్క ఒంట్లో దాని మోతాదు సగానికి తగ్గడానికే 17 గంటలకు పైగా పడుతుంది. అంతసేపూ గుండె, నరాలు దాని ప్రభావంలో ఉంటాయి.

ఇంకో మెలిక ఉంది. చాలా విషాలు తిన్న వెంటనే బయటపడవు. ఎండుద్రాక్ష తిన్న కుక్క ఆ రోజు ఒకటి రెండుసార్లు కక్కుకోవచ్చు. కిడ్నీలు దెబ్బతిన్నట్టు తెలిసేది ఒకటి నుంచి మూడు రోజుల్లో. ఉల్లిపాయ వల్ల ఎర్ర రక్తకణాలు విరిగిపోయి రక్తహీనత కనిపించేసరికి కొన్ని రోజులు పట్టొచ్చు. అప్పటికి పండగ వెళ్లిపోయి ఉంటుంది. ‘ఎండ దెబ్బ’ అనో, ‘ఏదో పురుగు కుట్టింది’ అనో అనుకుంటారు తప్ప, మొన్నటి పరమాన్నం ఎవరికీ గుర్తుకు రాదు. అందుకే ‘ఏమీ కాలేదు’ అన్న అనుభవంలో కొంత భాగం ‘ఎందుకైందో తెలియలేదు’ అన్నదే కావచ్చు.

పండగ పళ్లెంలో ఏముంది?

ఎండుద్రాక్ష, ద్రాక్ష. పరమాన్నం, సేమియా పాయసం, రవ్వ కేసరి, లడ్డూ, క్రిస్మస్ ప్లమ్ కేక్... ఎండుద్రాక్ష లేని పండగ తీపి అరుదు. కుక్కల్లో ఇది కిడ్నీలను దెబ్బతీస్తుంది. ఇన్ని గ్రాముల వరకు ఫర్వాలేదని చెప్పగల సురక్షిత పరిమితి లేదు. ఒక కుక్క గుప్పెడు తిని బాగానే ఉండొచ్చు, మరొకటి నాలుగైదుకే పడిపోవచ్చు. ప్లమ్ కేక్‌లో దీనికి తోడు జాజికాయ, కొన్నింట్లో రమ్ కూడా ఉంటాయి. క్రిస్మస్ బల్ల మీద కుక్కకు అందకుండా పెట్టాల్సిన మొదటి పదార్థం అదే.

చింతపండు. తెలుగిళ్లకు నేరుగా సంబంధించిన సంగతి ఇది. ద్రాక్షలో కుక్కలకు హాని చేసేదేమిటన్నది ఏళ్ల తరబడి తేలలేదు. 2021లో అమెరికాలోని జంతు విష సమాచార కేంద్రం వైద్యులు ఒక ఆధారం పట్టుకున్నారు. బేకింగ్‌లో వాడే క్రీమ్ ఆఫ్ టార్టార్ తిన్న కుక్కకు అచ్చం ద్రాక్ష తిన్నప్పటిలాగే కిడ్నీలు దెబ్బతిన్నాయి. రెండింటిలోనూ ఉన్నది టార్టారిక్ ఆమ్లం. మరుసటి ఏడాది ప్రచురించిన పత్రంలో చింతపండు తిని అదే స్థితికి చేరిన కుక్కల వివరాలూ ఉన్నాయి. చింతపండు పులుపుకు మూలం ఈ టార్టారిక్ ఆమ్లమే.

అంటే ఒక ముద్ద పులిహోర తిన్న ప్రతి కుక్కా జబ్బుపడుతుందని కాదు. అన్నంలో కలిసిన చింతపండు రసం తక్కువే ఉంటుంది. కానీ పొయ్యి మీంచి దించిన పులిహోర గుజ్జు, నానబెట్టి పిసికేసిన చింతపండు పిప్పి అలా కావు. పిప్పిని పెరట్లో పారేయడం చాలా ఇళ్లలో అలవాటు. కుక్క ఉన్న ఇంట్లో అది మానుకోవాల్సిన అలవాటు. ఎంత తింటే ప్రమాదమో ఇంకా లెక్క తేలనప్పుడు, పులిహోర కంటే తెల్లన్నమే మంచిది.

చాక్లెట్, కోకో. కిలో బరువుకు 20 మిల్లీగ్రాముల థియోబ్రోమిన్ దగ్గర కుక్కకు వాంతులు, విరేచనాలు, కుదురులేనితనం మొదలవుతాయి. 40 నుంచి 50 దాటితే గుండె లయ తప్పుతుంది. 60 దగ్గర మూర్ఛలు రావచ్చు. మిల్క్ చాక్లెట్‌లో ఇది తక్కువ, డార్క్ చాక్లెట్‌లో ఎక్కువ, కోకో పొడిలో మరీ ఎక్కువ. రెండు టేబుల్‌స్పూన్ల కోకో పొడి కలిసిన తీపి మొత్తం తినేస్తే 10 కిలోల కుక్కకు లక్షణాలు మొదలవడానికి సరిపోతుంది. నాలుగు కిలోల పొమెరేనియన్‌కు అందులో సగం కూడా అక్కర్లేదు.

జైలిటాల్. షుగర్ ఉన్నవాళ్ల కోసమని వచ్చే చక్కెర లేని తీపి పదార్థాల్లో, చూయింగ్ గమ్‌లలో, కొన్ని రకాల పీనట్ బటర్‌లలో వాడే తీపి ఇది. మనిషికి పెద్దగా ఇబ్బంది లేదు. కుక్క ఒంట్లో మాత్రం ఇన్సులిన్‌ను ఒక్కసారిగా పెంచి, అరగంట నుంచి గంటలోనే రక్తంలో చక్కెరను ప్రమాదకరంగా పడగొడుతుంది. మోతాదు పెరిగితే కాలేయం దెబ్బతింటుంది. 10 కిలోల కుక్కకు ఒక్క గ్రాము చాలు ప్రమాదానికి. కుక్కల బిస్కెట్ల వీడియోల్లో తరచూ కనిపించే దినుసు పీనట్ బటర్ కాబట్టి, సీసా వెనక ఉన్న చిన్న అక్షరాలు చదవకుండా గరిట ముంచకూడదు. కొన్ని దేశాల్లో దీన్నే ‘బర్చ్ షుగర్’ అన్న పేరుతోనూ రాస్తారు.

ఉల్లి, వెల్లుల్లి. పచ్చివైనా, ఉడికినవైనా, పొడైనా ఒకటే. బిర్యానీ రోజున కుక్కకు మాంసం ముక్కలు కడిగి పెట్టేవాళ్లున్నారు. మసాలా కడిగితే పోతుంది గానీ, ముక్కకు పట్టిన ఉల్లి రసం పూర్తిగా పోదు. కుక్క కోసం మాంసాన్ని ముందే విడిగా, ఉప్పు కారం లేకుండా ఉడకబెట్టడమే పద్ధతి. వండిన ఎముకలు పెట్టకూడదు. అవి చీలికలుగా విరిగి పేగుల్లో గుచ్చుకుంటాయి.

పులిసిన పచ్చిపిండి. కేకులు, బన్నుల కోసం ఈస్ట్ కలిపి పక్కన పెట్టిన పిండిని కుక్క తింటే, కడుపులోని వెచ్చదనానికి అది ఇంకా పొంగుతుంది. ఆల్కహాల్ కూడా తయారవుతుంది. పొట్ట ఉబ్బడం, మత్తు రెండూ ఒకేసారి వస్తాయి.

లెక్క తప్పేది నెయ్యి దగ్గరే

విషం కాని వాటితోనూ ప్రమాదం ఉంది. అది మోతాదుది. పశువైద్యులు పాటించే ఒక మోటు లెక్క ప్రకారం, చిరుతిళ్లు కుక్క రోజువారీ కేలరీల్లో పదో వంతు దాటకూడదు. ఒక మోస్తరుగా తిరిగే 10 కిలోల కుక్కకు రోజుకు 600 నుంచి 650 కేలరీలు కావాలి. అందులో పదో వంతు అంటే 60. నాలుగు కిలోల పొమెరేనియన్‌కైతే 30. ఒక టీస్పూన్ నెయ్యిలోనే సుమారు 40 కేలరీలుంటాయి. అంటే ప్రేమగా రొట్టె మీద వేసిన ఒక్క చెంచా నెయ్యితో చిన్న కుక్క వాటా దాటిపోయింది. శనగపిండి లడ్డూ ఒకటి పెడితే చెప్పనక్కర్లేదు.

కొవ్వు ఒక్కసారిగా ఎక్కువైతే కొన్ని కుక్కల్లో క్లోమగ్రంథి వాస్తుంది. విపరీతమైన కడుపునొప్పి, ఆగని వాంతులతో ఆసుపత్రి పాలవుతాయి. పండగ మర్నాడు కుక్క వీపు వంచి, పొట్ట దాచుకుని నిలబడితే అది అజీర్తి అనుకుని వామునీళ్లతో సరిపెట్టకూడదు.

ఇంకో తేడా కూడా గమనించాలి. చిరుతిండి వేరు, పూర్తి ఆహారం వేరు. 2013లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్ పరిశోధకులు పుస్తకాల్లో, వెబ్‌సైట్లలో దొరికే 200 ఇంటి వంటకాలను పరిశీలించారు. కుక్కలకు పూర్తి ఆహారంగా సూచించినవి అవి. వాటిలో 95 శాతం కనీసం ఒక అవసరమైన పోషకంలో వెనకబడ్డాయి. పండగకు నాలుగు బిస్కెట్లు చేసుకోవడానికి ఇది అడ్డు కాదు. ‘ఇక ప్యాకెట్ మానేసి రోజూ ఇదే పెడదాం’ అనుకునేవాళ్లు మాత్రం ముందు పశువైద్యుడిని అడగాలి.

మరి ఏం వండొచ్చు?

నిజానికి మన వంటింట్లోనే సురక్షితమైన దినుసులు బోలెడున్నాయి. రాగిపిండి, బియ్యప్పిండి, ఉడికించిన చిలగడదుంప, గుమ్మడికాయ గుజ్జు, క్యారెట్, గుడ్డు, ఉప్పు లేకుండా ఉడికించిన కోడిమాంసం. ఒక కప్పు రాగిపిండి, అరకప్పు చిలగడదుంప ముద్ద, ఒక గుడ్డు కలిపి గట్టి పిండి చేసి, పలచగా ఒత్తి, 40 ముక్కలుగా కోసి, 160 డిగ్రీల దగ్గర అరగంట కాలిస్తే బిస్కెట్లు తయారు. ఓవెన్ లేకపోతే పెనం మీద సన్నని సెగన రెండు వైపులా ఎండేదాకా కాల్చొచ్చు. చక్కెర, బెల్లం, ఉప్పు, నెయ్యి ఏవీ అక్కర్లేదు. తీపి మనకు పండగ, కుక్కకు కాదు. దానికి వాసన, కరకర చాలు.

ఇలా చేసిన ఒక్కో ముక్కలో సుమారు 14 కేలరీలుంటాయి. 10 కిలోల కుక్కకు రోజుకు నాలుగు, పొమెరేనియన్‌కు రెండు. గుడ్డు లేదా గోధుమ పడని కుక్కలూ ఉంటాయి కాబట్టి మొదటిసారి ఒక ముక్కతో ఆపి చూడాలి.

నిల్వ విషయంలో ఒక జాగ్రత్త అవసరం. ఇంట్లో కాల్చిన వాటిలో తడి మిగిలిపోతుంది, వానాకాలంలో, కోస్తా ఉక్కలో బూజు పడుతుంది. ఫ్రిజ్‌లో వారం మించి ఉంచకపోవడమే మంచిది. వేరుశనగ వాడేటప్పుడు ఇంకా జాగ్రత్త. బూజు నుంచి పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషానికి కుక్కలు బాగా లొంగిపోతాయి. 2020 చివర్లో అమెరికాలో ఒక కంపెనీ కుక్కల తిండిలో ఇది మోతాదు మించి బయటపడింది. ఆ తిండి తిన్న 70కి పైగా కుక్కలు చనిపోయినట్టు కొద్ది వారాల్లోనే ఎఫ్‌డీఏ ప్రకటించింది. వేరుశనగ పండించే అనంతపురం జిల్లాకు అఫ్లాటాక్సిన్ కొత్త పేరేమీ కాదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ దానిపై ఏళ్ల తరబడి పనిచేస్తోంది. మనం తినకుండా ఏరి పక్కన పెట్టిన ముడుచుకుపోయిన, నల్లబడ్డ గింజలను కుక్క తిండిలో వేయడం అన్నిటికంటే చెడ్డ పొదుపు.

అమ్మకానికి వచ్చేసరికి ఎవరి పర్యవేక్షణ?

ఇంటి కోసం చేసిన బిస్కెట్లు పక్కింటివాళ్లకు నచ్చి, వాట్సాప్‌లో ఆర్డర్లు వచ్చి, చిన్న వ్యాపారం అవుతాయి. కుక్కల బేకరీలు చాలావరకు ఇలా పుట్టినవే. అక్కడ చట్టం ఎక్కడుందన్నది ప్రశ్న.

2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం ‘ఆహారం’ అంటే మనుషులు తినేదని నిర్వచించింది. పశువుల దాణాను ఆ నిర్వచనం నుంచి స్పష్టంగా మినహాయించింది. ఇంట్లో మనుషుల కోసం కేకులు చేసి అమ్మితే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నమోదు తప్పనిసరి. అదే ఓవెన్‌లో కుక్కల కేకు చేసి అమ్మితే ఆ చట్టం దాని జోలికి రాదు. భారతీయ ప్రమాణాల సంస్థ బీఐఎస్ కుక్కలు, పిల్లుల ఆహారానికి ఐఎస్ 11968 పేరిట ప్రమాణం రూపొందించింది. అయితే ప్రభుత్వం ప్రత్యేక ఉత్తర్వుతో తప్పనిసరి చేస్తే తప్ప బీఐఎస్ ప్రమాణాలు సాధారణంగా స్వచ్ఛందమే. ఇంటి నుంచి అమ్మే పొట్లం మీద ఆ ముద్ర ఆశించడం అత్యాశే. తూనికలు, కొలతల నిబంధనలు ప్యాకెట్ మీద తయారీదారు పేరు, బరువు, ధర, తేదీ ఉండాలంటాయి. కుక్క ప్రాణానికి సంబంధించిన అసలు వివరం, అంటే లోపల ఏ దినుసులున్నాయన్నది, వాటి పట్టికలో ప్రధానం కాదు.

దీనర్థం ప్రతి ఇంటి బేకరీనీ లైసెన్సుల చట్రంలో బిగించాలని కాదు. అలా చేస్తే నష్టపోయేది ఇంటి నుంచి నాలుగు రూపాయలు సంపాదిస్తున్న మహిళలే. పెద్ద కంపెనీలకు నష్టమేమీ ఉండదు. అడగాల్సింది చిన్నది: పెంపుడు జంతువుల తిండి ఎవరు అమ్మినా దినుసుల పూర్తి జాబితా, తయారైన తేదీ, వాడాల్సిన గడువు రాయాలి. ఇది చేతిరాతతోనైనా సాధ్యమే. కుక్క జబ్బుపడితే ఏం తిందో వైద్యుడికి చెప్పగలగాలి. చికిత్స మొదలయ్యేది అక్కడే.

గేటు బయట ఉన్న కుక్క

పండగ వంట ఇంటి కుక్క దగ్గరే ఆగదు. మిగిలిన పాయసం, మర్నాటికి వాసన వచ్చిన లడ్డూలు, బిర్యానీ ఎముకలు వీధి చివర పడతాయి. 2019 పశుగణన ప్రకారం దేశంలో వీధి కుక్కలు సుమారు 1.53 కోట్లు. వాటికి పండగ విందు అంటే ఈ కుప్పే. ఎండుద్రాక్ష, ఉల్లి వాటికీ విషమే. వాటిని ఆసుపత్రికి తీసుకెళ్లేవారు మాత్రం ఉండరు.

ఇందులో మనుషుల భద్రత కూడా ఉంది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో వీధి కుక్కల దాడిలో నాలుగేళ్ల పిల్లాడు చనిపోయాడు. ఆ భయం ఇంకా పోలేదు. తిండి కుప్ప ఎక్కడుంటే కుక్కల గుంపు అక్కడ చేరుతుంది, తిండి కోసం కొట్లాడుకుంటుంది. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు వీధి జంతువులకు తిండి పెట్టే చోటును పిల్లలు ఆడుకునే స్థలాలకు, రాకపోకల దారులకు దూరంగా నిర్ణయించాలని చెప్పాయి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం, కుక్కలన్నింటినీ షెల్టర్లకు తరలించాలన్న అంతకుముందటి ఉత్తర్వును సవరించింది. ప్రతి వార్డులో తిండి పెట్టడానికి ప్రత్యేక స్థలాలు ఏర్పాటు చేయాలని, వీధుల్లో ఎక్కడపడితే అక్కడ పెట్టకూడదని ఆదేశించింది. నవంబరు 7న విద్యాసంస్థలు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి కుక్కలను తొలగించమంది.

ఈ ఉత్తర్వులపై జంతు ప్రేమికులకూ, కాటు బాధితులకూ వేర్వేరు అభిప్రాయాలున్నాయి. కానీ ఒక విషయంలో ఇద్దరికీ గొడవ ఉండక్కర్లేదు. పండగ మర్నాడు మిఠాయి పెట్టెలు వీధిలో పారేయడం కుక్కకు తిండి పెట్టడం కాదు. పెట్టాలనుకుంటే నిర్ణయించిన చోట, నిర్ణయించిన వేళకు, తెల్లన్నంలో ఉడికించిన గుడ్డో మాంసమో కలిపి పెట్టి, తిన్నాక ఆ చోటు శుభ్రం చేయాలి. దానికి ఓవెన్ కూడా అక్కర్లేదు.

ఎవరు చెప్పాలి?

అమెరికాలో కుక్క ఏదైనా తినకూడనిది తింటే 24 గంటలూ ఫోన్ చేయడానికి జంతు విష సమాచార కేంద్రం ఉంది. చింతపండు సంగతి బయటపడింది కూడా అలా వచ్చిన ఫోన్లను ఏళ్ల తరబడి నమోదు చేయడం వల్లే. మన దగ్గర ఢిల్లీ ఎయిమ్స్‌లో ఉన్న జాతీయ విష సమాచార కేంద్రం మనుషుల కోసం ఏర్పాటైంది. తెలుగు రాష్ట్రాల్లో పశువుల సంచార వైద్యానికి 1962 నంబరు ఉంది. దాని దృష్టి సహజంగానే గేదెలు, ఆవులు, గొర్రెల మీద ఉంటుంది.

కొత్త సంస్థ కట్టనక్కర్లేదు. తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర, రాజేంద్రనగర్‌లో పి.వి. నరసింహారావు పేరిట రెండు పశువైద్య విశ్వవిద్యాలయాలున్నాయి. పండగకు ముందు ఒక పేజీ తెలుగు పట్టిక విడుదల చేయడం వాటికి పెద్ద పని కాదు. ఏవి పెట్టకూడదు, తిన్నాక ఎన్ని గంటల్లో లక్షణాలు కనిపిస్తాయి, అప్పుడు ఏం చేయాలి అన్న మూడు గళ్లు చాలు. 1962లో ఫోన్ ఎత్తేవారి దగ్గర ఆ పేజీ ఉంటే, పశువైద్యుడు దూరంగా ఉన్న మండలాల్లో అదే ప్రాథమిక సలహా అవుతుంది. వాళ్ల దగ్గర నమోదైన కేసులు పోగుపడితే, పులిహోర గుజ్జు ఎంత తిన్న కుక్కకు ఏమవుతుందన్న లెక్క ప్రపంచానికి మన దగ్గర నుంచే తెలియొచ్చు. చింతపండు ఇంతగా వాడే వంటిళ్లు ఇంకెక్కడున్నాయి?

అప్పటిదాకా కుటుంబాలు గుర్తుంచుకోవాల్సినవి కొన్నే. అనుమానం ఉన్నదేదైనా కుక్క తింటే లక్షణాల కోసం ఎదురుచూడకుండా పశువైద్యుడికి ఫోన్ చేయాలి. ఏం తింది, ఎంత తింది, ఎప్పుడు తింది, కుక్క బరువెంత అన్నవి చెప్పాలి. ప్యాకెట్ ఉంటే వెంట తీసుకెళ్లాలి. ఉప్పునీళ్లు తాగించి కక్కించే ప్రయత్నం చేయకూడదు. ఆ ఉప్పే కుక్క ప్రాణం మీదికి తెస్తుంది. ఇంటికి చుట్టాలొచ్చే రోజున పిల్లలకు, పెద్దవాళ్లకు ముందే ఒక మాట చెప్పాలి. కుక్కకు పెట్టడానికి వేరే డబ్బా ఉంది, పెట్టాలనిపిస్తే అందులోంచే పెట్టండి అని.

బల్ల కింద కూర్చుని మొహంలోకి చూసే కుక్కకు ఏమీ పెట్టకుండా తినడం ఎవరికైనా కష్టమే. అందుకే రాగి బిస్కెట్ల డబ్బా చేతికి అందేలా, ఎండుద్రాక్ష గిన్నె కుక్కకు అందకుండా ఉండాలి.